సాయంకాలపు రెండు పాటలు

కాపెల్‌లో కాపురముంటున్న మనకు డాలస్ నగరం కారులో అరగంట దూరం. డాలస్ పేరు చెబితే మనవారికి మొదట గుర్తుకు వచ్చేది 1963 నవంబరు 22న అక్కడ జరిగిన కెనెడీ హత్య. తరవాత చమురు, ఫుట్‌బాలు, మన ఊరిని ఆనుకుని ఉన్న విమానాశ్రయం. ఆంగ్లికన్ చర్చి సంగీతంతో పరిచయమున్న వారికి మాత్రం డాలస్ అనేది ఒక పాట పేరు కూడా. హెర్బర్ట్ హవెల్స్ అనే ఇంగ్లీషు సంగీతకర్త 1975లో, ఎనభై ఏళ్ళు దాటిన వయస్సులో, డాలస్‌లోని సెయింట్ లూక్స్ ఎపిస్కోపల్ చర్చి గాయకబృందం కోసం సాయంకాల ప్రార్థనలో పాడే రెండు కీర్తనలకు కొత్తగా సంగీతం కూర్చి ఇచ్చాడు. వాటిని 'డాలస్ కాంటికిల్స్' అంటారు.

ఆ కీర్తనల మాటలు కొత్తవి కావు. బైబిలులోని లూకా సువార్త నుంచి తీసుకున్నవి. ఆంగ్లికన్ చర్చిలో 1549 నుంచి ఆ రెండే సాయంకాలపు పాటలు. ఆ ఒక్క సాహిత్యానికే నాలుగు వందల ఏళ్ళకు పైగా వందలాది సంగీతకర్తలు వరసలు కడుతూ వచ్చారు. మనకిది కొంచెం విడ్డూరంగా తోస్తుంది. త్యాగరాజస్వామి కీర్తనకు మరొకరు వరస కట్టి పాడితే మనం ఊరుకుంటామా? మరి వారు ఎందుకిలా చేశారు? ఈ ప్రశ్న వెంట పోగా మన తెలుగు పాట గురించీ, ఈ దేశంలో మన పిల్లలకు మనం అప్పగించదలచుకున్న దాని గురించీ మాకు ఒక సంగతి తెలిసివచ్చింది. అది చదువరుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ రెండు పాటల సంగతి. మొదటిది మరియ పాట. దాని లాటిన్ పేరు మాగ్నిఫికాట్. గర్భవతి ఐన మరియ కొండసీమలో ఉన్న తన బంధువు ఎలీసబెతు ఇంటికి వెళుతుంది. ఎలీసబెతు కూడా గర్భవతే, కాని వయస్సు మళ్ళిన మనిషి. ఆమె ఆదరంతో పలకరించగానే మరియ ఆనందం పట్టలేక పాడిన పాట ఇది. ఊరూ పేరూ లేని తనవంటి పిల్లను దేవుడు కరుణించాడనీ, ఆయన గద్దెల మీది బలవంతులను దించి దీనులను పైకి ఎత్తుతాడనీ, ఆకలిగొన్నవారి కడుపు నింపి ధనవంతులను వట్టి చేతులతో పంపుతాడనీ దాని సారాంశం. రెండవది సుమెయోను పాట. నుంక్ దిమిట్టిస్ అని దాని పేరు. రక్షకుణ్ణి కళ్ళారా చూసేవరకు చావు రాదని మాట పొందిన భక్తుడు సుమెయోను. పసిబిడ్డ యేసును తల్లిదండ్రులు దేవాలయానికి తీసుకువచ్చినప్పుడు ఆ బిడ్డను చేతుల్లోకి ఎత్తుకుని, ఇక తనకు సెలవిప్పించమని దేవుణ్ణి అడుగుతాడు. లూకాలో నాలుగే వచనాలు.

ఒకటి కడుపుతో ఉన్న చిన్నపిల్ల పాట, రెండవది వెళ్ళిపోవడానికి సిద్ధపడిన భక్తుడి పాట. పొద్దు గుంకే వేళ ఈ రెండూ పక్కపక్కన నిలిచాయి. ఇండియా నుంచి వచ్చి, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఇక నాకు చాలు అని అనే పెద్దవారు మనలో ప్రతి ఇంటికీ తెలుసు. కనుక సుమెయోను పాట అర్థం కావడానికి మనకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ రెండు పాటలూ జంటగా కుదరడం 1549లో జరిగింది. అంతకుముందు మఠాల్లో సన్యాసులు రాత్రింబవళ్ళలో ఎనిమిది వేళల ప్రార్థన చేసేవారు. అందులో సాయంకాలపు ప్రార్థనలో మరియ పాట, నిద్రకు ముందటి ప్రార్థనలో సుమెయోను పాట వచ్చేవి. అంతా లాటిన్. ఎనిమిదవ హెన్రీ ఆ మఠాలను మూయించాడు. ఆయన కొడుకు ఆరవ ఎడ్వర్డ్ కాలంలో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ప్రార్థనలన్నిటినీ ఇంగ్లీషులోకి తెచ్చి ఒకే పుస్తకంగా కూర్చాడు. సామాన్య గృహస్థుకు ఎనిమిది వేళలు సాధ్యం కావు కనుక రోజుకు రెండు ప్రార్థనలు చాలునన్నాడు: ఉదయం ఒకటి, సాయంకాలం ఒకటి. సాయంకాలపు రెండు పాత ప్రార్థనలను కలపడంతో వాటి పాటలు రెండూ ఒక చోటికి వచ్చాయి. దీన్నే ఈవెన్‌సాంగ్ అంటారు.

క్రాన్మర్‌కు సంగీతం మీద గట్టి అభిప్రాయాలే ఉండేవి. పాత లాటిన్ పాటల్లో ఒక్క అక్షరం మీద ఎన్నో స్వరాలు సాగదీయడం వల్ల మాట తెలియకుండా పోతోందనీ, వీలైనంత వరకు అక్షరానికి ఒక స్వరమే ఉండాలనీ 1544లోనే రాజుకు రాశాడు. 1550లో జాన్ మెర్బెక్ ప్రార్థన పుస్తకానికి ఆ పద్ధతిలోనే వరసలు కట్టాడు. మన మాటల్లో చెప్పాలంటే గమకాలూ సంగతులూ తీసివేసి, మాట స్పష్టంగా వినబడే బాణీ అన్నమాట. కాని నేర్చిన సంగీతకర్తలు ఆ గీత లోపల ఎంతోకాలం ఉండలేదు. పొట్టిగా, సూటిగా ఉండేదానికి 'షార్ట్ సర్వీస్' అనీ, విస్తారమైనదానికి 'గ్రేట్ సర్వీస్' అనీ రెండు రకాలు ఏర్పడ్డాయి. ఒక్కరు పాడితే మిగిలినవారు అందుకునేది 'వెర్స్ సర్వీస్'. మన భజన గోష్ఠిలో నాయకుడు ఎత్తుకుని తక్కినవారు అందుకున్నట్టే. గాయకులు వేదికకు ఇరుపక్కలా ఎదురెదురుగా నిలబడి వంతులవారీగానూ, కలిసీ పాడతారు. మన సంగీతంలో అందరిదీ ఒకే వరస. వారి సంగీతంలో నాలుగైదు స్థాయిల గొంతులు ఒకేసారి వేరువేరు వరసలు పాడి ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి.

ఆ కాలపు వారిలో విలియం బర్డ్ పేరు ముందు చెప్పుకోవాలి. ఈయన కాథలిక్కు. దేశమంతా ప్రొటెస్టంటు మతం అమలులో ఉన్నప్పుడు పాత మతం వదలనందుకు జరిమానాలు ఎదుర్కొన్నవాడు. ఐనా ఎలిజబెత్ రాణి కొలువులో ఉంటూ ఇంగ్లీషు ప్రార్థనకు గ్రేట్ సర్వీస్ రచించాడు. కాలక్రమాన ఆ రచన మరుగున పడిపోయింది. 1922లో ఇ.హెచ్. ఫెలోస్ అనే పండితుడు డరమ్ కథీడ్రల్ గ్రంథాలయంలో దాని రాతప్రతులను గుర్తించాడు. ఈ 1922 సంవత్సరాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి. దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

ఈ సంప్రదాయం తెగకుండా సాగిందనుకుంటే పొరపాటు. అంతర్యుద్ధ కాలంలో పార్లమెంటు పక్షంవారు 1645లో ప్రార్థన పుస్తకాన్నే నిషేధించారు. గాయకబృందాలు చెదిరిపోయాయి, ఆర్గన్లు ఎన్నో ధ్వంసమయ్యాయి. 1660లో రాజరికం తిరిగి వచ్చేవరకు పదిహేనేళ్ళ పాటు ఈవెన్‌సాంగ్ లేదు. చిన్నప్పుడు పాడిన పిల్లలు గొంతు మారి పెద్దవారయ్యారు; వారి తరవాతి పిల్లలకు ఆ పాట తెలియదు. 1660లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు దొరికిన పాత ప్రతులు వెతికి, బతికున్న పాత గాయకులను పిలిచి, పిల్లలను కొత్తగా చేర్చుకోవలసి వచ్చింది. ఆ కొత్త పిల్లలలోనుంచే కొన్నేళ్ళకు హెన్రీ పర్సెల్ వంటి మహా సంగీతకర్త తయారయ్యాడు. ఒక్క తరం విరామం ఎంత నష్టమో, గట్టిగా పూనుకుంటే దాన్ని ఎంత త్వరగా పూడ్చవచ్చునో రెండూ ఇందులో కనబడతాయి.

పద్దెనిమిదవ శతాబ్దంలో నిషేధమేమీ లేకుండానే ఈ పాట నీరసించింది. ఈసారి కారణం అశ్రద్ధ. చర్చిల ఆస్తిపాస్తులు ఉన్నాయి, జీతాలు అందుతున్నాయి, కాని గాయకులు రారు, పిల్లలకు చదువూ తిండీ సరిగా చూసేవారు లేరు. ఆ పిల్లల కోసం మరియా హాకెట్ అనే వనిత ఏళ్ళ తరబడి కథీడ్రల్ అధికారులతో పోరాడింది. 1849లో శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ ఒక కరపత్రం ప్రచురించి, కథీడ్రల్ సంగీతానికి కనీసం పన్నెండుమంది పెద్ద గాయకులైనా ఉండాలని వాదించాడు. పాట నిలవడానికి భక్తి ఒక్కటే చాలదు, హాజరుపట్టీ కూడా కావాలని గ్రహించినవాడాయన.

తరవాత చార్లెస్ విలియర్స్ స్టాన్‌ఫర్డ్ వచ్చాడు. డబ్లిన్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ ఆర్గనిస్టుగా పనిచేసిన ఈయన 1879లో బి ఫ్లాట్ శ్రుతిలో చేసిన సర్వీసుతో ఈ రచనలకు కొత్త ఊపు తెచ్చాడు. అప్పటివరకు చాలామంది మాటల వెంట మాటగా వరస కట్టుకుంటూ పోతే, ఈయన ఒక చిన్న స్వరసముదాయాన్ని తీసుకుని ఆసాంతం దాన్ని పెంచుకుంటూ పోయాడు. మన విద్వాంసుడు ఒక పల్లవిని విస్తరించినట్టు. జి శ్రుతిలోని ఆయన సర్వీసులో మరియ పాటను ఒక పిల్లవాడి లేతగొంతుకు ఒంటరిగా ఇచ్చాడు. వెనుక ఆర్గన్ మీద రాట్నం తిరుగుతున్నట్టు స్వరాలు గిరగిరా తిరుగుతాయి. సుమెయోను పాటను మగవారి మంద్రస్వరానికి ఇచ్చాడు. పాట తెలియనివారికి సైతం ఏది చిన్నపిల్లదో, ఏది ముసలివాడిదో చెవికి తెలిసిపోతుంది.

ఈ స్టాన్‌ఫర్డ్ శిష్యుడే మన డాలస్ పాటల హవెల్స్. 1892లో గ్లౌస్టర్‌షైర్‌లోని లిడ్నీలో పుట్టాడు. 1935లో ఆయన కొడుకు మైకేల్ తొమ్మిదేళ్ళ వయస్సులో పోలియోతో చనిపోయాడు. ఆ దుఃఖం ఆయన సంగీతాన్ని చివరిదాకా వదలలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీ ఆర్గనిస్టు స్థానంలో తాత్కాలికంగా పనిచేస్తున్నప్పుడు కింగ్స్ కాలేజీ డీన్ మిల్నర్ వైట్ ప్రోద్బలంతో ఆ కాలేజీకి సంగీతం రాయడం మొదలుపెట్టాడు. 1945లో అక్కడి సాయంకాల కీర్తనలు పూర్తయ్యాయి. అవి మొదలు గ్లౌస్టర్, సెయింట్ పాల్స్, వెస్ట్‌మిన్‌స్టర్, సాల్స్‌బరీ, యార్క్ అంటూ ఒక్కో భవనానికి ఒక్కో జత చేస్తూ పోయాడు. అందులో ఒక రహస్యం ఉంది. లండన్ సెయింట్ పాల్స్ గుమ్మటం కింద ఒక స్వరం పలికితే అది చాలాసేపు మోగుతూనే ఉంటుంది. అక్కడ త్వరత్వరగా శ్రుతులు మారిస్తే అంతా కలగాపులగమవుతుంది. కనుక అక్కడికి రాసినదానిలో శ్రుతిమార్పులు నిదానంగా ఉంటాయి. అంటే ఆయన మాటలకు మాత్రమే కాక, ఆ పాట ఉండబోయే ఇంటికి కూడా వరస కట్టాడు. మరియ పాటలో బలవంతులు గద్దె దిగే చోట సాధారణంగా సంగీతకర్తలు ఆర్భాటం చేస్తారు. ఇది ఆడదాని పాట, ఇక్కడ మోటుతనం తగదు అని ఆయన తలచాడు.

డాలస్‌తో ఆయన సంబంధం 1975కు ముందే మొదలైంది. కెనెడీ స్మారకంగా 1964లో ఒక బృందగానం రచించాడు. దానికి ఎన్నుకున్నది ప్రుడెంటియస్ అనే ప్రాచీన క్రైస్తవ కవి లాటిన్ పద్యానికి ఇంగ్లీషు అనువాదం. చనిపోయిన తన కొడుకు జ్ఞాపకంతో ఏళ్ళ తరబడి మనస్సులో పెట్టుకున్న పద్యమే అది. పదకొండేళ్ళకు, సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో బోధించే ల్యారీ పామర్ కోరికపై, అదే నగరంలోని సెయింట్ లూక్స్ చర్చికి ఈ సాయంకాలపు పాటలు వచ్చాయి. మృత్యువు పేరుతో లోకానికి తెలిసిన ఊరు, రోజు ముగించే పాటకు కూడా పేరయింది.

ఇక్కడ అమెరికా చరిత్రలోని ఒక విశేషం చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడి ఎపిస్కోపల్ చర్చివారు 1789లో తమ స్వంత ప్రార్థన పుస్తకం తయారు చేసుకున్నారు. అందులో సాయంకాల ప్రార్థన నుంచి మరియ పాట, సుమెయోను పాట రెండూ తీసివేసి, వాటికి బదులు దావీదు కీర్తనలు పెట్టారు. పాత దేశం వదిలి వచ్చినవారు తమవెంట తెచ్చుకున్న పుస్తకంలోనుంచే తమ సాయంకాలపు పాటలను వదులుకున్నారు. అవి మళ్ళీ పుస్తకంలోకి ఎక్కింది 1892లో. నూరేళ్ళకు పైగా పట్టింది. విచిత్రమేమంటే హవెల్స్ పుట్టిన సంవత్సరం కూడా అదే.

ఇక మన తెలుగుదేశం వైపు చూద్దాం. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం చేరారు. వారి వెంట ఆంగ్లికన్ ప్రార్థనా క్రమం తెలుగువారికి వచ్చింది. మరియ పాట, సుమెయోను పాట తెలుగు మాటలయ్యాయి. మాట మారడం ఒక ఎత్తు, వరస మారడం మరొక ఎత్తు. ఇంగ్లీషు పాట ఊనిక మీద నడుస్తుంది. తెలుగు పాట గురులఘువుల మీద నడుస్తుంది. ఇంగ్లీషు వరసలో తెలుగు మాటలు కూరితే దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వమూ, హ్రస్వం ఉండవలసిన చోట దీర్ఘమూ వచ్చి పడతాయి. చెవికి మాట తెలియదు. క్రాన్మర్ లాటిన్ పాట గురించి పడిన బాధే ఇది.

దీనికి మనవారు కనుక్కున్న మార్గం కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తకవులు క్రైస్తవ భావాలను పల్లవి, చరణాలతో, రాగతాళాలతో తెలుగు కీర్తనలుగా రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట తలమీద రాగం పేరూ తాళం పేరూ కనబడతాయి. 1912లో దోర్నకల్‌కు బిషప్ ఐన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. తమిళదేశంలో పుట్టి తెలుగు నేర్చుకుని పల్లెలు తిరిగిన ఈయన, పల్లెవారి భక్తికి వారి పాటే సరైనదని నమ్మినవాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కథీడ్రల్ చూసినవారికి ఆ కట్టడంలో మన దేవాలయ శిల్పమూ, మసీదు శిల్పమూ కలిసి కనబడతాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఆంగ్లికన్లు ఇతర శాఖలవారితో కలిసిపోయారు. మాట ఎక్కడిదైనా, వరస మాత్రం ఆ మాట నివసించే చోటిది కావాలి అన్న సూత్రం హవెల్స్‌కు సెయింట్ పాల్స్ గుమ్మటం కింద ఎంత నిజమో, పురుషోత్తమ చౌదరిగారికి తెలుగు పల్లెలో అంత నిజం.

ఇప్పుడు 1922కు తిరిగి వద్దాం. డరమ్‌లో బర్డ్ రచన బయటపడిన ఆ సంవత్సరమే తిరుమలలో తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలున్న రాగిరేకులు వెలుగులోకి వచ్చాయి. అన్నమయ్య 1503లో పరమపదించాడు. ఆయన 32,000 సంకీర్తనలు పాడాడని మనవడు చిన్నన్న చెప్పాడు. వాటిలో వేల పాటలు ఆ రేకుల మీద నిలిచాయి. కాని రేకు మీద ఉన్నది సాహిత్యమూ, రాగం పేరూ మాత్రమే. స్వరం లేదు. బర్డ్ కాగితాల్లో స్వరం ఉంది కనుక గాయకులు వాటిని చూసి పాడగలిగారు. అన్నమయ్య మాటలకు మళ్ళీ వరస కట్టవలసి వచ్చింది. ఆ పనికి ముందు నిలిచినవారు శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు ఆచార్యులుగా పనిచేసి, దరిమిలా తిరుపతి చేరి, రేకుల పాఠాలు పరిష్కరిస్తూ నూరుకు పైగా పాటలకు స్వరరచన చేశారు. ఆయన పుట్టింది 1893లో, హవెల్స్ తరవాత కొద్ది నెలలకే. పోయింది 1979లో, హవెల్స్ 1983లో. ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో గాని, ఇద్దరూ ఒకే కాలంలో ఒకే పని చేశారు: పూర్వుల మాటకు తమ కాలపు గొంతు ఇచ్చారు. తరవాత శ్రీ నేదునూరి కృష్ణమూర్తి, శ్రీ మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు ఇంకా ఎన్నో పాటలకు వరసలు కూర్చారు. ఒకే అన్నమయ్య పాట రెండు మూడు వరసల్లో ఈనాడు మనం వింటున్నాం. అందువల్ల పాట చెడిందని ఎవరూ అనడం లేదు. త్యాగరాజస్వామి విషయం వేరు. ఆయన వరస శిష్యుల గొంతుల మీదుగా తెగకుండా వచ్చింది. వరస తెగిన చోట మళ్ళీ కట్టుకోక తప్పదు.

తిరుమలలో రాత్రి స్వామివారి ఏకాంత సేవ వేళ తాళ్ళపాకవారి లాలి, తరిగొండ వెంగమాంబ హారతి నేటికీ సాగుతున్నాయి. ఒక స్త్రీ పేరు మీద ప్రతి రాత్రీ హారతి జరగడం మనం గర్వించవలసిన విషయం. ఇంగ్లండు కథీడ్రళ్ళలో మరియ పాటను శతాబ్దాల తరబడి మగపిల్లలూ మగవారూ మాత్రమే పాడారు. ఆడపిల్లలకు స్వంత బృందం ఏర్పాటు చేసి 1991లో సాల్స్‌బరీ కథీడ్రల్ దారి చూపింది. ఆడదాని పాట ఆడపిల్లల నోటికి రావడానికి అంతకాలం పట్టింది.

ఈ చరిత్రలో మమ్మల్ని అన్నిటికన్న ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. ఈవెన్‌సాంగ్ కచేరీ కాదు. చప్పట్లుండవు. వానరోజున శ్రోతలు ముగ్గురే ఉన్నా పాడతారు. అసలు ఎవరూ లేకపోయినా పాడతారు. బి.బి.సి. రేడియో 1926 అక్టోబరు 7న వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ నుంచి మొదలుపెట్టి నేటికీ దీన్ని ప్రసారం చేస్తూనే ఉంది. ఐనా ఆ పాట నిలిచింది ప్రసారం వల్ల కాదు. ఆ సాయంత్రం పాడవలసిన పిల్లవాడు సమయానికి వచ్చి తన చోట నిలబడడం వల్ల నిలిచింది. అలా నిలబడడం మానినప్పుడల్లా, 1645లో బలవంతాన ఐతేనేమి, పద్దెనిమిదవ శతాబ్దంలో బద్ధకం చేతనైతేనేమి, పాట పోయింది.

మన సంగతేమిటి? మన పిల్లలు సంగీతం నేర్చుకోవడం లేదని ఎవరూ అనలేరు. బళ్ళో బృందగానం, ఇంటి దగ్గర కర్ణాటక సంగీతం, రెండూ నేర్చుకుంటున్నారు. కాని మన సమావేశాల్లో పాట ఒక 'ఐటం' అయింది. పిల్లవాడు నెల రోజులు సాధన చేసి, వేదిక ఎక్కి పాడి, ఫొటో తీయించుకుని దిగుతాడు. మరునాటికి ఆ పాట పని ఐపోయింది. మన ఇళ్ళల్లో దీపం పెట్టే వేళకు పాడే పాట, పిల్లలను నిద్రపుచ్చేటప్పుడు పాడే పాట మనం మన అమ్మల దగ్గర విన్నాం. మన పిల్లలు మన దగ్గర వింటున్నారా? 1789లో ఈ దేశపు ఎపిస్కోపల్ చర్చివారు సాయంకాలపు పాటలను వదిలింది ఒక తీర్మానంతో. మనం ఏ తీర్మానమూ లేకుండానే వదిలేస్తున్నాం. తిరిగి తెచ్చుకోవడానికి వారికి నూరేళ్ళు పట్టింది.

కనుక మా సూచన ఇది. మన సంఘం ప్రతి సమావేశాన్నీ ఒకే పాటతో ముగించుకుందాం. ఏ పాట అన్నది సభ్యులందరూ కలిసి నిర్ణయించాలి. మనలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ముస్లిములున్నారు. అందరి నోటా పలకగల మంచి తెలుగు సాహిత్యం మనకు కొరవ కాదు. దాన్ని పోటీకి పెట్టవద్దు, బహుమతి వద్దు, మైకు కూడా వద్దు. పెద్దలూ పిల్లలూ లేచి నిలబడి పాడాలి. వరస నచ్చలేదని పిల్లలు అంటే, ఇక్కడి బళ్ళో నేర్చుకున్న నాలుగు గొంతుల పద్ధతిలో వారినే కొత్తగా కట్టమందాం. తెలుగు మాట పలుకు చెడకుండా మనం చూసుకుంటే చాలు. ఎవరు వచ్చినా రాకపోయినా, భోజనాలు చల్లారిపోతున్నా, ఆ పాట పాడనిదే ఎవరమూ ఇంటికి బయలుదేరకూడదు. ఇది మాత్రం నియమంగా పెట్టుకుందాం.